అచ్చు విడవని పడవ

దుబాయ్ దగ్గర అజ్మాన్‌లో క్రీకు ఒడ్డునున్న పడవల యార్డులోకి నార్వే అచ్చులు దిగిన రోజు అబ్బులు వాటిని చూసి పడీపడీ నవ్వాడు.

అది డెబ్బై ఏడో సంవత్సరం. అబ్బులుది తాళ్ళరేవు. సముద్రం మీద తిరిగే పెద్దపెద్ద చెక్క పడవలు కట్టే ఊరు. తాత కట్టాడు, తండ్రి కట్టాడు, మీసం రాకముందే తనూ బాడిశ పట్టాడు. ఊళ్ళో పని పలచబడ్డాక బొంబాయి మీదుగా ఇక్కడికొచ్చాడు. అందరూ అర్బాబ్ అని పిలిచే యార్డు యజమాని, అబ్బులు చెక్కిన ముక్కుదూలం ఒక్కటి చూసి అతన్ని పెద్ద వడ్రంగిని చేసేశాడు. అప్పట్నించీ యార్డులో ఏ దుంగ కొయ్యాలన్నా, ఏ పలక వంచాలన్నా అబ్బులు మాటే మాట.

ఇప్పుడీ అచ్చులొచ్చాయి. బయటనుంచి చూస్తే ఇనుప కమ్ములు బిగించిన పెద్ద తొట్టెలు. లోపల మాత్రం అద్దంలా నున్నగా, తొంగిచూస్తే మొహం కనబడేటట్టు ఉన్నాయి.

"ఇయ్యేటండీ రాజుగారూ, గేదెలకి కుడితి తొట్లా?" అన్నాడు అబ్బులు.

స్టోరు చూసే వెంకటరాజుది భీమవరం. ఇంగ్లీషు వచ్చినవాడు కాబట్టి యార్డులో ఏ సంగతైనా ముందు ఆయనకే తెలుస్తుంది. "నవ్వకయ్యా అబ్బులూ. పడవని ఇందులో పోత పోస్తారట. మైనం రాసి, రంగు పూసి, గాజు పీచు పరిచి, జిగురు పట్టిస్తారు. ఆరాక ఎత్తితే పడవ మొత్తం ఒక్క ముక్కగా లేచొస్తుందట," అన్నాడు.

"మేకు లేకుండానా?"

"మేకూ లేదు, అతుకూ లేదు."

అబ్బులు నవ్వు ఆగింది.

అచ్చుల వెనకే ఐనార్ అనే నార్వే ముసలాయన వచ్చాడు. ఎర్రగా కాలిన మెడ, చెక్కపేడులాంటి వేళ్ళు. ఆ అచ్చుల్లో పోసే పడవ పేరు సోల్వై. దాని కథ ఆయన ఇంగ్లీషులో చెబితే వెంకటరాజు తెలుగులో అందరికీ చెప్పాడు. వాళ్ళ దేశంలో సముద్రం కొండల మధ్యకి వేళ్ళలా చొచ్చుకొస్తుంది. అక్కడి జాలరి పడవల పొట్ట తీసుకుని, దాని మీద ముందో గది, వెనకో గది, మధ్యలో చుక్కాని దగ్గర నిలబడే చోటు పెట్టి ఒక పడవ చేశారు. మామూలు సంసారి పెళ్ళాం పిల్లలతో వేసవి సెలవుల్లో అందులోనే వండుకుని, అందులోనే పడుకుని ఊళ్ళు తిరగొచ్చు. వేగం తక్కువ, డీజిల్ ఖర్చూ తక్కువే. చమురు ధర పెరిగినప్పుడు వేగంగా పోయే పడవలన్నీ ఒడ్డునుండిపోతే, సోల్వైలు మాత్రం వేలల్లో అమ్ముడుపోయాయి. ఆ కంపెనీ ఇంకో కొత్త మోడల్ మొదలుపెట్టి, పాత అచ్చులు అమ్మకానికి పెట్టింది. అదే చమురుతో చేతినిండా డబ్బొచ్చిన మన అర్బాబ్ వాటిని కొన్నాడు.

"ఆళ్ళకి పాతైపోయిందే మనకి కొత్తా?" అన్నాడు అబ్బులు. ఎవరూ నవ్వలేదు.

యార్డులో రంగులేసేందుకు హయాత్ బాషా అని నెల్లూరు కుర్రాడొకడు ఉండేవాడు. అంతకుముందు దుబాయ్ దేరాలో కారు గ్యారేజీలో పనిచేశాడు. సొట్టలు తీసి, పుట్టీ పెట్టి, రుద్దిరుద్ది కారుని కొత్తదానిలా చెయ్యడం వాడికి వచ్చిన పని. పడవ గురించి ఓనమాలు తెలియవు. మొదట్లో ముక్కునీ వెనకనీ కూడా "ముందు బంపరు, వెనక బంపరు" అనేవాడు. అబ్బులుకి వాడంటే జాలి, కొంచెం ఇష్టం కూడా. ఇద్దరూ ఒకే గదిలో ఉండేవాళ్ళు. వాడు వంట బాగా చేస్తాడు.

మొదటి పడవ పోస్తున్నప్పుడు జిగురు బకెట్లోనే ఉడికి గట్టిపడిపోయింది. ఐనార్ తన దేశపు లెక్క ప్రకారం జిగురు గట్టిపడే మందు కలిపాడు. ఆ లెక్క చలిదేశానిది. ఇక్కడి వేడికి బకెట్టు పొగలు కక్కింది. ముసలాయన తల పట్టుకున్నాడు. పక్కనే నిలబడ్డ బాషా, గ్యారేజీలో పుట్టీ కూడా ఇలాగే చేసేదని గుర్తుచేసుకుని, సైగలతో, రెండు హిందీ ముక్కలతో ఏదో చెప్పాడు. ఆ సాయంత్రం ఇద్దరూ కూర్చుని చిన్నచిన్న డబ్బాల్లో మందు తగ్గించి కలుపుతూ, ఏది ఎప్పుడు గట్టిపడుతుందో చూస్తూ ఉండిపోయారు. తెల్లారుజామున, ఎండ పైకి రాకముందు, తడి గోనెల పందిరి కింద మళ్ళీ పోశారు.

ఆ పడవని అచ్చులోంచి ఎత్తిన రోజు అబ్బులు మరిచిపోలేదు. గొలుసు లాగారు. లోపల ఏదో చీల్చినట్టు చప్పుడైంది. తెల్లటి పడవ మెల్లగా పైకి లేచింది. నీళ్ళని కోయడానికే పుట్టినట్టున్న ముక్కు, అక్కణ్ణించి వెనక్కి జారుతూ విప్పారిన పొట్ట. ఎక్కడా మెలిక లేదు, తడబాటు లేదు. తండ్రి ఒక పలకని ఆవిరి పట్టి వంచి, కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమి, మళ్ళీ విప్పి మళ్ళీ వంచి తెచ్చే ఆ వంపు, ఇక్కడ గంజి మీద పొర లేచినట్టు లేచొచ్చింది. రేపింకొకటి వస్తుంది, ఎల్లుండి ఇంకొకటి. అన్నీ ఇదే వంపుతో.

ఎవరూ చూడకుండా దాని పొట్ట మీద చెయ్యి వేశాడు అబ్బులు. బాగుంది. బాగున్నందుకే కడుపులో భగ్గుమంది.

ఐనార్ అటు తిరిగి బాషా వీపు చరిచి, "గుడ్, బాషా! వెరీ గుడ్!" అన్నాడు. బాషా సిగ్గుపడి నవ్వాడు.

ఆ రోజునుంచి అబ్బులుకి నిద్రా తిండీ సయించలేదు. పోత పనంతా బాషా చేతికి పోయింది. వాడి కింద నలుగురు మనుషులు. అబ్బులు వంతు వచ్చిన పని పడవలోపల మంచాలూ, అరలూ, తలుపులూ. ఐనార్ వాణ్ణి పేరుపెట్టి పిలుస్తాడు, తనని మాత్రం "కార్పెంటర్" అంటాడు. మధ్యాహ్నం ముసలాయన తన డబ్బారొట్టె మానేసి బాషా తెచ్చిన చేపల పులుసు లాగించేవాడు. ఆ పులుసులో చింతపండు ఎంతెయ్యాలో వాడికి నేర్పింది అబ్బులే. అది ఎవరూ చెప్పరు.

"అన్నా, ఏంది అన్నం తినకుండా పక్కకి పెడతా ఉండావు? బాగలేదా?" అని బాషా అడిగేవాడు.

"ఆకల్లేదు."

"పొద్దస్తమానం అదే మాట. డాక్టరు కాడికి పోదామా?"

ఆ మాటలో కల్లాకపటం లేదు. అందుకే అబ్బులుకి ఇంకా ఒళ్ళు మండేది. వాడు కాస్త మిడిసిపడితే బాగుండును, తిట్టుకోవడానికి వీలుండేది.

ఏడాది గడిచేసరికి ఒక సంగతి తేలింది. పడవలు బాగున్నాయి, కొనేవాళ్ళు లేరు. వచ్చినవాళ్ళు వంగి వెనక గదిలోకి తల పెట్టి, ఆ సెగకి తల వెనక్కి లాక్కుని "యా అల్లా" అని వెళ్ళిపోయేవారు. చివరికి అర్బాబే ఒకరోజు ఆ గదిలో కాసేపు కూర్చుని, తడిసి ముద్దయి బయటికొచ్చాడు.

"ఇది చలికి ముడుచుకుని పడుకునేవాళ్ళ ఇల్లు," అన్నాడు ముదీర్‌తో. "నాకిది ఖలాస్, ఇక వద్దు. నాకు మజ్లిస్ కావాలి. నలుగురం చుట్టూ కూర్చోవాలి, గాలి రావాలి, మీద నీడ ఉండాలి."

ముదీర్ అంటే యార్డు మేనేజరు, జోర్డాన్ మనిషి. అతను ఐనార్‌ని అడిగాడు. వెనక గది తీసేసి ఆ చోటంతా విశాలంగా తెరిచి, చుట్టూ బల్లలూ మీద కప్పూ పెట్టొచ్చు అన్నాడు ఐనార్. దానికి పై భాగానికి కొత్త అచ్చు కావాలి. అచ్చు కావాలంటే ముందు చెక్కతో అచ్చం అలాంటి నమూనా ఒకటి చెయ్యాలి. దాని మీద పోత పోసి అచ్చు తీయాలి. ఐనార్ వేసవికి ఊరెళ్ళిపోతున్నాడు. ముదీర్ అబ్బులు వైపు చూశాడు.

"నువ్వు చేస్తావా?"

అబ్బులు ఛాతీ పొంగింది. "చెక్క పని నేను చెయ్యకపోతే ఇంకెవడు చేత్తాడండీ," అన్నాడు తెలుగులోనే. వెంకటరాజు దాన్ని ఇంగ్లీషులో "యస్" అని చెప్పాడు.

చాలా కాలం తర్వాత అబ్బులు చేతికి ప్రాణం వచ్చింది. పగలంతా రంపం, బాడిశ, చిత్రిక. కూర్చునే బల్లలు గుండ్రంగా తిప్పాడు. ఆ బల్లల వెనక నడుము ఆనే గోడలు మాత్రం పైకి వెళ్ళేకొద్దీ లోపలికి ఒరిగేటట్టు చేశాడు. కూర్చున్నవాళ్ళని పడవే చేతులు చాచి పట్టుకున్నట్టుంటుంది. తాళ్ళరేవులో పెద్ద పడవల పైఅంచులు అలాగే ఒరుగుతాయి. చూసినవాళ్ళందరూ ఆగి చూశారు.

బాషా కూడా చూశాడు. నమూనాకి పుట్టీ పెట్టి నునుపు చెయ్యాల్సింది వాడే. చుట్టూ తిరిగాడు, గోడ మీద అరచెయ్యి పెట్టాడు.

"అన్నా, శానా బాగుండాది. అయితే ఒకటి చెప్తా, ఏమీ అనుకోవద్దు. ఈ గోడలు లోపలికి ఒరిగి ఉండాయి కదా. వీటి మీద అచ్చు పోస్తే కొరికి పట్టేస్తాది. మళ్ళీ పైకి రాదు. కొంచెం బయటికి వాలించు. గ్లాసులో గ్లాసు దూరి ఊడొచ్చేట్టు ఉండాల."

అబ్బులుకి అది అర్థమైంది. అర్థం కాకపోయే సంగతి కాదు. చెప్పింది ఐనార్ అయినా, వెంకటరాజు అయినా, దారిన పోయే పఠాన్ అయినా ఆ నిమిషంలో చిత్రిక తీసుకునేవాడు. చెప్పింది బాషా.

"ముందు బంపరు, వెనక బంపరు అన్నోడివి, నువ్వు నాకు సెప్పేటోడివయ్యావా? మా తాతల కాడ్నించీ కడతన్నాం. నీ పని పుట్టీ. పుట్టీ పెట్టుకో."

బాషా మొహం చిన్నబోయింది. "అది కాదన్నా, చెక్క పడవైతే నువ్వు చెప్పేదే కరెక్టు. ఇది పోత కదా..."

"పుట్టీ పెట్టుకో అన్నానా?"

బాషా పుట్టీ పెట్టాడు. రుద్దాడు. మైనం పొర మీద పొర పట్టించాడు. రోజుల తరబడి, ఒకటికి రెండింతలు పట్టించాడు. వాడెందుకలా చేస్తున్నాడో అబ్బులుకి తెలుసు. తెలిసి కూడా నోరు విప్పలేదు. లోపల్లోపల భయం మొదలైంది. కానీ ఇప్పుడు గోడలు మారిస్తే వాడు చెప్పింది నిజమని ఒప్పుకున్నట్టే.

పోత పోశారు. ఆరింది. గొలుసు వేసి లాగారు. కదల్లేదు. చెక్క మేకులు దూర్చారు, సందుల్లో నీళ్ళు పోశారు, చుట్టూ చేరి రబ్బరు సుత్తులతో బాదారు. ముదీర్ వచ్చి నిలబడ్డాడు. ఇంకో గొలుసు తెప్పించాడు. "యల్లా, యల్లా!" అని అరిచాడు. ఒక్కసారిగా ఫెళ్ళున విరిగింది. అచ్చు నిలువునా చీలింది. దాంతోపాటు అబ్బులు నమూనా కూడా విరిగి, గోడలు ఊడి ఇసకలో పడ్డాయి.

"ఎవరి తప్పు?" అన్నాడు ముదీర్.

అబ్బులు బాషా వైపు చూశాడు. ఇప్పుడు చెబుతాడు, చెప్పడానికి వాడికి హక్కుంది అనుకున్నాడు. చెబితే తను నిలబడి వినాల్సిందే.

"మైనం నేను సరిగా పట్టియ్యలేదు సాబ్," అన్నాడు బాషా హిందీలో. "నాదే తప్పు."

ముదీర్ వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాడు. బాషా తల వంచుకుని నిలబడ్డాడు. అబ్బులు నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. ఒక్క మాట అంటే చాలు. అనకుండా వంగి ఇసకలో పడ్డ చెక్క ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. అర్బాబ్ చెవిన పడ్డాక, ఇలాంటివాడు మనకొద్దు, ఎక్కడికైనా పొమ్మనండి అన్నాడు. ఆ వారంలోనే, వేరేచోట పని చూసుకోవచ్చని బాషాకి రిలీజ్ కాగితం ఇచ్చి పంపేశారు.

వెళ్ళేముందు వాడు గదిలో పెట్టె సర్దుకుంటూ, "మిరపకాయ పచ్చడి డబ్బా నీ కోసం ఉంచేసి పోతా ఉండా అన్నా," అన్నాడు.

"ఎందుకలా సెప్పావురా?" అన్నాడు అబ్బులు, గోడ వైపు చూస్తూ.

బాషా నవ్వాడు. "పోనీలే అన్నా. ఎవురో ఒకరు చెప్పాల కదా."

అంతే. టాక్సీ ఎక్కి వెళ్ళిపోయాడు.

అబ్బులు సిగ్గుతో చచ్చిపోయినంత పనయ్యాడు. అయితే వారం తిరిగేసరికి ఆ సిగ్గు పక్కన పాత మంటే మళ్ళీ లేచింది. పనిలో పేరు వాడికే వచ్చింది, ముసలాయన మనసు వాడికే దక్కింది, చివరికి మంచితనం కూడా వాడే పట్టుకుపోయాడు. తనకేం మిగిలింది? ఒక పచ్చడి డబ్బా. మిగిలినవాళ్ళు తినేశారు, తను ముట్టలేదు.

చలికాలం మొదట్లో ఐనార్ తిరిగొచ్చాడు. బాషా ఏడని అడిగాడు. వెంకటరాజు చెప్పింది విని, షెడ్డు వెనక పడేసిన ముక్కల దగ్గరికి వెళ్ళి, ఒరిగిన గోడ ముక్క ఒకటి లేవదీసి అటూ ఇటూ తిప్పాడు. అబ్బులు వైపు చూశాడు. "మైనం?" అన్నాడు. తల అడ్డంగా ఊపి ముక్క కింద పెట్టాడు. ముదీర్‌కి మాత్రం ఏమీ చెప్పలేదు. మర్నాడు తనే పెన్సిలు పట్టుకుని, గోడ ఎటు వాలాలో కొత్త చెక్క మీద గీసిచ్చాడు. అబ్బులు మారుమాట లేకుండా ఆ గీత మీద కోశాడు.

ఈసారి ఇద్దరే పనిచేశారు. చెక్క పని ఆయనకీ వచ్చు. చేతులు అబ్బులు చేతుల్లాగే కదిలేవి. ఒకరోజు టీ తాగుతూ, అప్పటికి పట్టుబడ్డ కాస్త ఇంగ్లీషుతో అడిగాడు అబ్బులు. "మొదటి సోల్వై ఎవరు చేశారు?"

ఐనార్ తన గుండె మీద వేలు పెట్టుకున్నాడు. "నేను. చెక్కతో."

ఆ తర్వాత ఆయన చెప్పింది అబ్బులు ఆగి ఆగి అర్థం చేసుకున్నాడు. నీళ్ళకి అవతలి ఒడ్డున ఇంకో వడ్రంగి ఉండేవాడట. అతను కట్టిన జాలరి పడవని ఊరంతా మెచ్చుకుంటుంటే ఐనార్‌కి కన్ను కుట్టిందట. ఆ పడవ ఒడ్డుకెక్కినప్పుడు దొంగచాటుగా కొలతలు తీసి, దానికన్నా మెరుగ్గా ఒకటి కట్టాడట. దాన్ని చూసిన కంపెనీవాళ్ళు ఒక ఇంజనీరుని పెట్టి బొమ్మలు గీయించి, అచ్చులు తీసి, ఆ ఇంజనీరు పేరు పత్రికలకెక్కించారట.

"ఆ అవతలివాడికి పేరు లేదు. నాకూ లేదు," అన్నాడు ఐనార్. "ఇంజనీరు కనబడితే ఇప్పటికీ నేను రోడ్డు దాటిపోతాను."

ఇరవై ఏళ్ళయినా ఆ ముసలి మొహంలో ఎరుపు తగ్గలేదు. అబ్బులుకి అద్దంలో చూసుకున్నట్టయింది. దానివల్ల జబ్బు తగ్గుతుందనుకుంటే తగ్గలేదు. తనొక్కడికే కాదన్న ధైర్యం మాత్రం వచ్చింది.

కొత్త అచ్చు ఇట్టే విడిచింది. మజ్లిస్ పెట్టిన సోల్వైలు అజ్మాన్‌లోనే కాదు, షార్జాలో, దుబాయ్‌లో, ఫుజైరా దాకా వెళ్ళాయి. అర్బాబ్ అబ్బులుకి పెద్ద మేస్త్రీ హోదా ఇచ్చాడు. కావాలనుకున్నదంతా చేతికొచ్చింది. అయినా అన్నం దగ్గర కూర్చుంటే పనివాళ్ళు, "బాషా ఉన్నప్పుడు..." అని మొదలుపెట్టేవాళ్ళు. ఐనార్ పని ముగించుకుని పోయేరోజు కూడా వెంకటరాజుని అడిగింది బాషా ఎక్కడున్నాడనే. అబ్బులు పక్కనే నిలబడి ఆయన పెట్టె మోస్తున్నాడు.

"ఉమ్మల్ ఖువైన్‌లో ఉన్నాడటండి," అన్నాడు వెంకటరాజు. ఆ సంగతి ఆయనకి ఎప్పట్నించి తెలుసో, తనకెందుకు చెప్పలేదో అబ్బులు అడగలేకపోయాడు.

ఎనభై ఒకటో సంవత్సరంలో ఒక శుక్రవారం, ఉండబట్టలేక, షేర్ టాక్సీ ఎక్కి ఉమ్మల్ ఖువైన్ వెళ్ళాడు అబ్బులు. వాడెక్కడో నీళ్ళ ట్యాంకులకి పూతలు పూస్తూ, ఎండకి నల్లబడి, చిక్కిపోయి ఉంటాడనుకున్నాడు. చేతులు పట్టుకుని తప్పు నాదేరా అని చెబుదామని దారంతా మాటలు పేర్చుకున్నాడు.

తీరా చూస్తే నీళ్ళ ఒడ్డున పెద్ద రేకుల షెడ్డు. దాని ముందు వరసగా తెల్లటి పడవలు. ముక్కు చూడగానే తెలిసింది. సోల్వై పొట్ట. దాన్ని కొంచెం సాగదీశారు. గదులు తీసేసి, వలలు వేసుకోవడానికి చోటు విడిచి, వెనక మోటారు తగిలించడానికి పలక పెట్టారు. షెడ్డులోంచి హయాత్ బాషా బయటికొచ్చాడు. ఒళ్ళు చేశాడు.

"అన్నా!" అని పరిగెత్తుకొచ్చి కౌగిలించుకున్నాడు.

"ఇదంతా... ఎవరిదిరా?"

"ఇక్కడి అర్బాబ్‌దీ, నాదీ. సగం సగం. మీ యార్డు పడవ ఒకటి కొని, దాని మీంచే అచ్చు తీసినాం. ఇక్కడ షేకులు తక్కువ, జాలర్లు ఎక్కువ. వాళ్ళకి తగ్గట్టు మార్చినా."

అబ్బులు ఆ పడవల వరసని ఇంకోసారి చూశాడు. దారంతా పేర్చుకున్న మాటలు చెల్లాచెదురయ్యాయి. అయినా కూడదీసుకున్నాడు. "బాషా, ఆ రోజు నువ్వు నా తప్పు నెత్తినేసుకుని..."

బాషా తల గోక్కున్నాడు. కాస్త సిగ్గుపడ్డాడు. "అన్నా, నిజం చెప్తా, కోప్పడొద్దు. ఈ పని మాట అప్పటికే వచ్చుండె. వీసా ఇచ్చిన కఫీల్ రిలీజ్ ఇస్తే గదా రావడం? మంచి పనోడిని ఎవురు విడిచిపెడతారు? మూడుసార్లు అడిగినా, తిట్టి పంపినారు. అచ్చు విరిగిన రోజు తట్టింది. చెడ్డ పనోడినైతే వాళ్ళే తరిమేస్తారు గదా అని. నీ పుణ్యమా అని ఇక్కడికి వచ్చినా. నువ్వు నా కోసం బాధపడతా ఉంటావని తెలిస్తే ముందే చెప్పుండేవాడిని."

అబ్బులు అక్కడే ఉన్న ఖాళీ డ్రమ్ము మీద కూర్చున్నాడు. రెండేళ్ళకి పైగా తను మోసిన బరువు. నిద్రలేని తెల్లవారుజాములు. వాడి మంచితనం చూసి పడ్డ కడుపుమంట. ఆ మంచితనం నిజానికి మంచితనం కాదు, సగం ఉపాయం. అది విని ఊరట కలగాలి. కలగలేదు. వాడిముందు తప్పుచేసినవాడిగా నిలబడే గొప్ప కూడా లేకుండా పోయింది.

"ముసలాయన కూడా వచ్చిపోయినాడన్నా, ఊరికి పోయేముందు," అన్నాడు బాషా. "చూసి తిడతాడేమో అని భయపడితిని. పడవ పొట్ట తడిమి తడిమి చూసి, మళ్ళీ జాలరి పడవైపోయింది అని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వినాడు. అన్నం తినిపోదువు రా."

"పనుంది," అన్నాడు అబ్బులు.

"శుక్రవారం ఏం పని? అన్నా, నువ్వు ఇక్కడికి వచ్చేయ్. నాకు పోత వస్తాది గానీ కొత్త నమూనా చెయ్యడం రాదు. కొత్తది చెయ్యాలంటే నువ్వుండాల."

"నీ కింద నేను పనిచెయ్యాలా?" అని వచ్చేశాడు అబ్బులు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ తర్వాత క్రీకులో తెల్ల పడవ ఏది కనబడినా అది తమదా, వాడిదా అని చూడడం అలవాటైపోయింది. మొదట్లో తమవే ఎక్కువ. పోనుపోను వాడివి పెరిగాయి. చేపల రేవుకి వెళ్ళడమే మానేశాడు. ఎనభై నాలుగు వచ్చేసరికి చమురు ధర పడిపోతూ ఉంది. అర్బాబ్ పడవల మీద మోజు తీరి సిమెంటు వ్యాపారంలోకి దిగాడు. యార్డు స్థలం అమ్మేశాడు. వెంకటరాజు భీమవరం వెళ్ళిపోయాడు. మిగిలిన అచ్చుల్ని ఎవరైనా కొంటే ఇచ్చెయ్, లేకపోతే తగలబెట్టించు అని ముదీర్ అబ్బులుకే అప్పగించాడు.

అబ్బులు వాటి చుట్టూ తిరిగాడు. మజ్లిస్ అచ్చు మీద చెయ్యి వేశాడు. అది తను చేసింది. తగలబెడితే ఇక ఆ పడవ పుట్టదు, వాడికీ దక్కదు. ఆ ఆలోచన బాగా నచ్చింది. ఒక పూటంతా నచ్చింది. పనివాడొకడు డీజిల్ డబ్బా తెచ్చి పక్కన పెట్టి, "కానిద్దామా మేస్త్రీ?" అని అడిగాడు.

"ఆగరా," అన్నాడు అబ్బులు. "ఓ లారీని పిలుచుకురా."

ఉమ్మల్ ఖువైన్‌లో లారీ దిగినప్పుడు బాషా ముందు అచ్చుల్ని చూశాడు, తర్వాత వాటిమీద కూర్చుని వచ్చిన అబ్బుల్ని చూశాడు. "టీ తాగుతావా అన్నా?" అన్నాడు.

అబ్బులు అక్కడే ఉండిపోయాడు. కుళ్ళు పోయిందా అంటే పోలేదు. జాలర్లు వచ్చి బాషా చెయ్యి పట్టుకుని ఊపితే ఇప్పటికీ కడుపులో మండేది. కొత్త నమూనా చేసేటప్పుడు గోడ వాలు దగ్గర ఇద్దరూ గొంతులు చించుకునేవాళ్ళు. బాషా మాత్రం ఎవరొచ్చినా ముందుగా, "పైనంతా మా అన్న చేసింది, నాదేం లేదు," అని చెప్పేవాడు. అంత తేలిగ్గా ఆ మాట వాడి నోటికెలా వస్తుందో అబ్బులుకి అంతుపట్టేది కాదు. దానికీ ఈర్ష్యే.

ఒకరోజు బాషా లేనప్పుడు రాస్ అల్ ఖైమా నుంచి ముసలి జాలరి ఒకడొచ్చి, పడవ పొట్ట తట్టి చూస్తూ, "ఎవరి పనితనం ఇది?" అని అరబ్బీలో అడిగాడు.

అబ్బులు చిత్రిక ఆపాడు. నాది అందామనుకున్నాడు. అన్నా అడిగేవాడు లేడు. కాసేపు చెక్కపొట్టు ఊదుతూ నిలబడ్డాడు.

"హయాత్ బాషాది," అన్నాడు చివరికి. గొంతు కీచుమంది. జాలరి అప్పటికే పడవ అవతలి పక్కకి వెళ్ళిపోయాడు, విన్నాడో లేదో. అబ్బులు గొంతు సవరించుకుని, అవతలికి వినబడేలా ఇంకోసారి చెప్పి, మళ్ళీ చిత్రిక పట్టాడు.